చలి దేశంలో సిల్వర్ టార్చ్ కాక్టస్: తరచుగా అడిగే ప్రశ్నలు

స్తంభంలా నిటారుగా, ఒళ్లంతా తెల్లటి ముళ్లతో పెరిగే ఈ కాక్టస్‌ను బ్రిటన్ నర్సరీల్లో సిల్వర్ టార్చ్ అంటారు. శాస్త్రీయ నామం క్లైస్టోకాక్టస్ స్ట్రాసియై. అక్కడ ఉంటున్న మనవాళ్లు కొనడం కొంటున్నారు గానీ, అవే సందేహాలు ఏటా తిరిగి వస్తున్నాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. తేదీలన్నీ దక్షిణ ఇంగ్లండ్ లెక్కన ఇచ్చినవి. స్కాట్లాండ్‌లో ఉంటే వసంతపు పనులు రెండు వారాలు ఆలస్యంగా, శరదృతువు పనులు రెండు వారాలు ముందుగా చేసుకోండి. పోయిన మొక్కల్లో ఎక్కువ భాగం చలికాలంలో వేర్ల దగ్గర తడి ఉండి పోయినవే. మట్టి పొడిగా ఉంటే చలికి ఈ మొక్క బాగానే ఓర్చుకుంటుంది.

## కొనేముందు

ఇది మన చేలగట్ల మీద ఉండే జెముడేనా?

కాదు. కంచెకు నాటే బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు యూఫోర్బియా జాతివి. వాటిని గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. సిల్వర్ టార్చ్‌ను కోస్తే పలచటి జిగురు నీరు తప్ప పాలు రావు. ముళ్లు పుట్టేచోట చూసినా తెలుస్తుంది: కాక్టస్‌లో ప్రతి ముళ్ల గుత్తి కింద నూగుతో నిండిన చిన్న దిండులాంటి బొడిపె ఉంటుంది, జెముళ్లకు అది ఉండదు. మనకు తెలిసినవాటిలో నిజమైన కాక్టస్ నాగజెముడు. అది కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చి మన నేలలో స్థిరపడిందే. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, మన జెముళ్లకు చలికాలంలో వెచ్చటి గది కావాలి, సిల్వర్ టార్చ్‌కు చల్లటి గది కావాలి. రెండింటినీ ఒకే కిటికీలో పెట్టి ఒకేలా చూస్తే ఏదో ఒకటి దెబ్బతింటుంది.

దీని పుట్టిల్లు ఎక్కడ?

దక్షిణ బొలీవియాలోని తరిహా ప్రాంతపు కొండలు, దానికి ఆనుకుని అర్జెంటీనా ఉత్తరపు అంచు. ఎండ తీక్షణంగా ఉంటుంది, గాలి ఆడుతూ ఉంటుంది, రాత్రుళ్లు చలేస్తుంది. వాన పడేది అక్కడి వేసవిలో. చలికాలం దాదాపు ఎండుగా గడుస్తుంది. బ్రిటన్‌లో చలికాలమే తడిగా, మబ్బుగా ఉంటుంది కాబట్టి కష్టమంతా అక్కడే వస్తుంది. మనం చేయగలిగింది వేసవిలో ధారాళంగా నీళ్లిచ్చి, చలికాలంలో పూర్తిగా ఆపడం.

నిలువుగా పెరిగే కాక్టస్‌లు చాలా ఉన్నాయి కదా, దీన్నే ఎందుకు కొనాలి?

ఇంట్లో ఇమిడే నిలువు కాక్టస్‌లలో చలికి గట్టిది, ఓ మోస్తరు వేగంగా పెరిగేది, కుండీలోనే పూసేది ఇది. కాండం 5 నుంచి 8 సెంటీమీటర్ల లావుకు మించదు. బాగా చూసుకుంటే ఏడాదికి 8 నుంచి 10 సెంటీమీటర్లు పెరుగుతుంది. సీరియస్ (Cereus) జాతి కాక్టస్‌లు ఇంతకంటే వేగంగా పెరుగుతాయి, కానీ కొన్నేళ్లకే సీలింగ్ తగులుతాయి. ముసలాయన గడ్డంలా పొడవాటి తెల్ల వెంట్రుకలతో ఉండే సెఫలోసీరియస్ చాలా నిదానం, చలికాలంలో దానికి ఇంకాస్త వెచ్చదనం కావాలి. మొదటిసారి పెంచేవాళ్లకు మేం సిల్వర్ టార్చ్‌నే సూచిస్తాం.

షాపులో ఏం చూసి ఎంచుకోవాలి?

ముందు మొదలు చూడండి. పెన్సిల్ వెనకవైపుతో మట్టికి కాస్త పైన నొక్కితే గట్టిగా ఉండాలి, మెత్తగా లోపలికి పోతే వదిలేయండి. తర్వాత కొస. కింద లావుగా ఉండి పైన పెన్సిల్‌లా సన్నబడితే చీకటి గోడౌన్లో నెలల తరబడి ఉందని అర్థం. కొసన ప్రకాశవంతమైన రంగుల్లో ఎండుపువ్వు కనిపిస్తే అది జిగురుతో అంటించినది. దాన్ని పీకితే చర్మం కూడా ఊడొస్తుంది కాబట్టి అలాంటిది కొనకపోవడమే మేలు. మట్టి మీద గులకరాళ్లను జిగురుతో అతికించి అమ్మే కుండీలూ ఉంటాయి. ఆ పొర కింద మట్టి తడో పొడో తెలియదు. కొంటే ఇంటికి రాగానే ఆ పొర తీసేయండి.

ఇండియా నుంచి వస్తూ ఒక ముక్క సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

వద్దు. కాక్టస్‌ల అంతర్జాతీయ రవాణా సైటిస్ (అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే) ఒప్పందం కిందికి వస్తుంది. నర్సరీలో పెంచిన మొక్కకైనా దేశం దాటాలంటే ఆ అనుమతి పత్రాలుండాలి. అవి గాక మొక్కలకు తెగుళ్లు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. అవేవీ లేకపోతే ఎయిర్‌పోర్టులో మొక్కను తీసేసుకుంటారు. ఇక్కడి నర్సరీల్లో చవగ్గానే దొరుకుతుంది.

ఇంట్లో ముళ్ల మొక్క ఉండకూడదని పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?

వాళ్ల మాట కాదనక్కర్లేదు. ఈ మొక్కకు నడిఇల్లు ఎలాగూ పనికిరాదు. వేసవిలో బాల్కనీ, చలికాలంలో గాజు పోర్చ్ దీనికి హాలు కంటే మంచి చోట్లు. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం నేల మీద పెట్టకండి, సన్న ముళ్లు చిన్న వేళ్లలో దిగి విరుగుతాయి. దిగితే ముందు పట్టకారుతో తీసి, మిగిలిన వాటిమీద గట్టి టేపు అంటించి లాగితే చాలామటుకు వచ్చేస్తాయి.

## కుండీ, మట్టి

మట్టి ఎలా కలపాలి?

10 లీటర్ల మిశ్రమానికి: జాన్ ఇన్నెస్ నంబర్ 2 కంపోస్ట్ (బ్రిటన్‌లో దొరికే, తోటమట్టి కలిసిన కుండీ మిశ్రమం) 5 లీటర్లు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల గ్రిట్ (గరుకు రాతి నలుసులు) 3 లీటర్లు, పెర్లైట్ లేదా ప్యూమిస్ (రెండూ తేలికపాటి గుల్లరాళ్లే) 2 లీటర్లు. గ్రిట్‌ను జల్లెడలో వేసి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, ఆ దుమ్మే అడుగున చేరి రంధ్రాల్ని మూసేస్తుంది. కలిపింది గుప్పిట్లో పట్టి నొక్కి వదిలితే విడిపోవాలి. లడ్డూలా నిలబడితే ఇంకో లీటరు గ్రిట్ వేయండి. వట్టి పీట్ (చిత్తడి నేలల్లో పేరుకున్న నాచు పొట్టు) కంపోస్ట్ వాడొద్దు. తడిగా ఉంటే వారాలపాటు ఆరదు, ఒకసారి ఎండితే నీళ్లు పీల్చదు, పోసినవి పక్కనుంచి కారిపోతాయి.

ఇంటి పనికి తెచ్చిన ఇసుక మిగిలింది, కలపొచ్చా?

కలపొద్దు. కట్టుబడి ఇసుక మరీ సన్నం, మట్టి కణాల మధ్య ఖాళీల్ని పూడ్చేస్తుంది. కొన్నిట్లో సున్నం కూడా ఉంటుంది.

ఎంత కుండీ కావాలి?

మొక్క వేర్ల ముద్ద చుట్టూ రెండేసి సెంటీమీటర్ల ఖాళీ చాలు. 40 సెంటీమీటర్ల ఒంటి కాండానికి 13 నుంచి 15 సెంటీమీటర్ల కుండీ సరిపోతుంది. పెద్ద కుండీలో పెడితే వేర్లు చేరని మట్టి నెమ్మదిగా ఆరుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. 50 సెంటీమీటర్లు దాటిన మొక్కకు బరువైన మట్టి కుండీ వాడండి, ప్లాస్టిక్‌దైతే గాలికి పడిపోతుంది. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి.

ముళ్లు గుచ్చుకోకుండా కుండీ ఎలా మార్చాలి?

మార్చి చివర్లో, మట్టి పూర్తిగా ఎండి ఉన్నప్పుడు మొదలుపెట్టండి. న్యూస్‌పేపరును నాలుగు మడతలు వేసి బెల్టులా చేసి కాండం చుట్టూ తిప్పండి. రెండు కొసల్ని కలిపి పట్టుకుంటే చేతికి పిడిలా ఉంటుంది. తోలు గ్లోవ్స్ వేసుకున్నా ఈ ముళ్లు వాటిలో విరిగి ఉండిపోతాయి, పేపరే నయం. మీటరు మొక్కను పాత దుప్పటి మీద పడుకోబెట్టి ఇద్దరు చేయాలి. కాండం మధ్యలో మాత్రమే పట్టి ఎత్తితే మొదట్లో విరుగుతుంది. పాత మట్టిని వేళ్లతో రాల్చి, నల్లగా మెత్తబడిన వేర్లు తీసేసి, మునుపటి లోతుకే నాటండి. వారం రోజులు నీళ్లు పోయకండి. తెగిన వేర్లు మానకముందే తడి తగిలితే కుళ్లు పైకి ఎక్కుతుంది. రెండు మూడేళ్లకోసారి మారిస్తే చాలు.

## వసంతం, వేసవి

చలికాలం తర్వాత మొదటి నీళ్లు ఎప్పుడు?

మార్చి చివర లేదా ఏప్రిల్ మొదట్లో, వరసగా నాలుగైదు రోజులు ఎండ కాస్తుందని తెలిశాక. మొదటిసారి కుండీ నిండా పోయకండి. మట్టి పై సగం తడిసేంత పోసి పది రోజులు ఆగండి. కొసన లేత ఆకుపచ్చ, కొత్త తెల్ల ముళ్లు కనిపిస్తే వేర్లు మేల్కొన్నట్టే. అప్పటినుంచి మామూలుగా పోయొచ్చు.

వేసవిలో ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి?

మిగతా కాక్టస్‌ల కంటే ఇది వేసవిలో ఎక్కువ తాగుతుంది. జూన్, జులైలో 7 నుంచి 10 రోజులకోసారి, మేలోనూ ఆగస్టులోనూ రెండు వారాలకోసారి అని లెక్క. అయితే క్యాలెండర్ కంటే కుండీని నమ్మండి. సన్నటి వెదురుపుల్ల అడుగుదాకా గుచ్చి తీసి చూడండి, మట్టి అంటితే ఆగండి, శుభ్రంగా వస్తే పోయండి. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరినవి అరగంటలో పారబోయండి. నెలంతా వారానికో గరిటెడు పోస్తే అడుగు వేర్లు ఎండిపోతాయి.

కొళాయి నీళ్లు పనికొస్తాయా?

లండన్ లాంటి చోట్ల కొళాయి నీళ్లలో సున్నం ఎక్కువ. ఒకటి రెండేళ్లలో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది, మట్టి క్షారంగా మారి మొక్క ఎదుగుదల ఆగిపోతుంది. వాననీళ్లు పట్టి వాడండి. దొరక్కపోతే కొళాయి నీళ్లే పోస్తూ రెండేళ్లకోసారి మట్టి మొత్తం మార్చండి. ఏ నీళ్లయినా కాండం మీద పోయకండి, తెల్ల ముళ్లు అట్టకట్టి పసుపు రంగుకు తిరుగుతాయి, మళ్లీ తెల్లబడవు.

ఏ ఎరువు, ఎంత?

టొమాటోలకు అమ్మే ద్రవ ఎరువు. అందులో నత్రజని కంటే పొటాష్ ఎక్కువ. సీసా మీద రాసిన మోతాదులో సగం, మే నుంచి ఆగస్టు దాకా మూడు నాలుగు వారాలకోసారి. నత్రజని ఎక్కువైతే కాండం ఉబ్బి, లేతగా మారి చలికాలానికి గట్టిపడదు. కుండీ మార్చిన ఏడాది ఎరువు అక్కర్లేదు.

బయట పెట్టగానే ఒక పక్క గోధుమరంగు మచ్చ పడింది, ఎందుకు?

ఎండదెబ్బ. కొండ మీద ఎండలో పుట్టిన మొక్కే అయినా, గాజు వెనక నెలలు గడిపాక చర్మం మెతకబడుతుంది. మే చివర్లో మంచు భయం పోయాక బయటికి తెచ్చి, మొదటి వారం చెట్టు నీడలోనో తెల్ల నెట్ గుడ్డ కిందో ఉంచండి. రెండో వారం ఉదయపు ఎండ మాత్రం తగలనివ్వండి. ఆ తర్వాత రోజంతా ఎండలో పెట్టొచ్చు. పడిన మచ్చ పోదు, కానీ పాకదు కూడా. బయట ఉన్నన్నాళ్లూ నత్తల్ని చూసుకోండి, అవి లేత కొసల్ని గీకి తింటాయి.

కిటికీ వైపు వంగిపోతోంది. ఎలా ఆపాలి?

రెండు వారాలకోసారి కుండీని పావు వంతు తిప్పండి. తిప్పినప్పుడల్లా అంచు మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే మర్చిపోరు. ఇప్పటికే వంగింది నిటారు కాదు, పైన కొత్తగా పెరిగేది మాత్రం నిలువుగా వస్తుంది.

## చలికాలం

చలికాలంలో ఎక్కడ పెట్టాలి? ఎంత చలికి ఓరుస్తుంది?

వెలుతురున్న చల్లటి చోటు. హీటర్ లేని కన్జర్వేటరీ (ఇంటికి ఆనుకుని ఉండే గాజు గది), గాజు పోర్చ్, దక్షిణపు కిటికీ ఉన్న వాడని గది. 5 నుంచి 10 డిగ్రీలుంటే నిశ్చింత. మట్టి పొడిగా ఉంటే పెద్ద మొక్క ఒకటి రెండు రాత్రుల గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది. తడి మట్టిలో ఉంటే ఆ చలే వేర్లను చంపుతుంది. సెప్టెంబరు మధ్యలో ఆఖరుసారి నీళ్లు పోసి, నెలాఖరుకు లోపలికి తెచ్చి, మార్చి చివరిదాకా చుక్క నీరు పోయకండి. అవును, ఆరు నెలలు.

మా ఫ్లాట్ అంతా సెంట్రల్ హీటింగే, చల్లటి గది లేదు. ఏం చేయాలి?

రేడియేటర్‌కు దూరంగా, దక్షిణపు కిటికీ గాజుకు దగ్గరగా పెట్టండి. ఆ కిటికీ కింద ఉన్న రేడియేటర్‌ను వీలైతే తగ్గించండి. రాత్రి కర్టెన్ వేసేటప్పుడు మొక్క గాజువైపే ఉండనివ్వండి, అక్కడ గదికంటే ఐదారు డిగ్రీలు తక్కువ ఉంటుంది. 18 డిగ్రీల గదిలో మాత్రం నెలకోసారి 15 సెంటీమీటర్ల కుండీకి చిన్న టీ కప్పులో సగం నీళ్లు పోయొచ్చు. అంతకుమించి పోస్తే వెలుతురు చాలని రోజుల్లో పెరగడం మొదలుపెడుతుంది. డిసెంబరు 21న లండన్‌లో పగలు 8 గంటలలోపే, మధ్యాహ్నం సూర్యుడు దిక్చక్రానికి 15 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజు హైదరాబాద్‌లో 11 గంటల పగలు, సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అక్కడి అలవాటుతో ఇక్కడ నీళ్లు పోయడమే చాలామంది చేసే పొరపాటు.

జనవరిలో కాండం ముడుచుకుపోయింది, సన్నబడింది. పాపం దాహమేస్తోందేమో?

నిజంగా అలాగే కనిపిస్తుంది, చేయి ఆగదు. అయినా ఆగండి. లోపలి నీరు కొంత తగ్గితే రసం చిక్కబడి చలికి గడ్డకట్టకుండా కాస్తుంది. నొక్కితే గట్టిగా ఉండి గట్లు లోతుగా కనిపిస్తే అది మామూలే, ఏప్రిల్‌లో రెండు తడులతో తిరిగి నిండుతుంది. ఒకేచోట మెత్తబడి రంగు మారితే మాత్రం అది కుళ్లు.

గ్రో లైట్ (మొక్కల కోసం అమ్మే దీపం) పెట్టాలా?

చల్లగా, పొడిగా ఉంచగలిగితే అక్కర్లేదు, అది నిద్రలో ఉంటుంది. వెచ్చటి గది తప్పనప్పుడు ఎల్ఈడీ లైటును కొసకు 30 సెంటీమీటర్ల పైన, రోజుకు 12 గంటలు పెడితే సన్నబడటం తగ్గుతుంది.

తోటలో నేలలోనే నాటేయొచ్చా?

చాలా ఊళ్లలో కుదరదు. ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ తీరంలాంటి చోట్ల దక్షిణపు గోడవార, నేలకు 30 సెంటీమీటర్లు ఎత్తు చేసిన రాళ్లూ గ్రిట్‌ల మడిలో నాటి, అక్టోబరు నుంచి మార్చి దాకా పైన పాలీకార్బొనేట్ (వెలుతురు దూరే గట్టి ప్లాస్టిక్) రేకు కప్పితే బతకొచ్చు. పక్కలు తెరిచే ఉంచాలి, గాలి ఆడకపోతే బూజు పడుతుంది. అక్కడ కూడా ఏటా ఒకేలా ఉంటుందని అనుకోకండి. కార్న్‌వాల్‌కు అవతల సముద్రంలో ఉన్న సిల్లీ దీవుల్లోని ట్రెస్కో తోట సున్నితమైన మొక్కలకు పేరు పొందింది. 1987 జనవరి మంచుకు అక్కడి మొక్కల్లో చాలాభాగం పోయాయి. నాటేవాళ్లు ఒక పిలకనైనా కుండీలో దాచుకోండి.

## జబ్బులు, పురుగులు

మొదలు గోధుమరంగుకు తిరిగింది. కుళ్లా, వయసా?

నొక్కి చూడండి. బెరడులా గట్టిగా, పొడిగా ఉండి, ఏళ్ల మీద నెమ్మదిగా పైకి వస్తుంటే అది వయసు, ఏమీ చేయనక్కర్లేదు. మెత్తగా, చెమ్మగా, వాసన వేస్తూ వారాల్లో పాకితే కుళ్లు.

మొదలు కుళ్లింది. పైభాగం బతికించుకోవచ్చా?

తరచూ బతుకుతుంది, ఆలస్యం చేయకపోతే. పదునైన కత్తిని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, మెత్తబడినచోటికి 5 సెంటీమీటర్ల పైన అడ్డంగా కోయండి. కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి. మధ్యలో చుక్కల వలయం ఉంటుంది, నీళ్లు పైకెక్కే నాళాలు అవే. ఆ చుక్కల్లో ఒక్కటైనా నారింజరంగులోనో గోధుమరంగులోనో ఉంటే కుళ్లు ఇంకా పైన ఉన్నట్టే. కత్తిని మళ్లీ తుడిచి, సెంటీమీటరు చొప్పున పైకి కోస్తూ పోండి. ముఖమంతా ఒకే లేత ఆకుపచ్చ తెలుపులో కనిపించేదాకా ఆపొద్దు. ఒక్క చుక్క వదిలినా నెలలో మళ్లీ మొదలవుతుంది.

తర్వాత పెన్సిల్ చెక్కినట్టు అంచుల్ని ఏటవాలుగా చెక్కండి. ఎండేటప్పుడు మధ్యభాగం లోపలికి లాక్కుంటుంది, వేర్లు పుట్టేది ఆ మధ్య నుంచే కాబట్టి అది మట్టికి తగలాలి. గంధకం పొడి అద్ది, ఖాళీ కుండీలో నిటారుగా, నీడలో 3 నుంచి 4 వారాలు ఉంచండి. పడుకోబెడితే పక్కనుంచి వేర్లు వస్తాయి. చర్మం తోలులా గట్టిపడ్డాక పొడి మిశ్రమంలో 3 సెంటీమీటర్లు దించి, పుల్ల కట్టి నిలబెట్టండి. రెండు వారాల తర్వాత కొద్దిగా తడపండి. మెల్లగా లాగితే కదలకపోతే వేర్లు పట్టినట్టు. డిసెంబరులో కోయాల్సివస్తే ఏప్రిల్ దాకా అలా పొడిగానే ఉంచొచ్చు, ఏమీ కాదు.

పైభాగం పెన్సిల్‌లా సన్నబడింది. మళ్లీ లావవుతుందా?

కాదు. వెలుతురు లేని రోజుల్లో వెచ్చదనం, నీళ్లు అందితే ఇలా సాగుతుంది. మంచి ఎండలో కొత్తగా పెరిగేది లావుగానే వస్తుంది, కానీ ఆ సన్నటి మెడ అలాగే ఉండి పైబరువుకు విరగొచ్చు. మేలో లావుగా ఉన్నచోటికి కోసేయడం మంచిది. కింది మొక్క పక్కల నుంచి కొత్త కొమ్మలు వేస్తుంది.

ముళ్ల మధ్య దూదిలాంటి ముద్దలు కనిపిస్తున్నాయి.

పిండినల్లి. తెల్ల ముళ్లలో తెల్ల పురుగు కాబట్టి ఈ కాక్టస్ మీద అది ఆలస్యంగా కంటపడుతుంది. కుండీ అంచుకు జిగురు అంటడం, చీమలు ఎక్కడం ముందు గుర్తులు. భూతద్దంతో కొసను, మొదలును చూడండి. సన్న కుంచెను సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కో ముద్దకూ తగిలించండి, ఎండ తగ్గాక సాయంత్రం పూట. గుడ్ల నుంచి మళ్లీ వస్తాయి కాబట్టి వారానికోసారి, నాలుగు వారాలు చేయాలి. వేసవిలో మొక్క కారణం లేకుండా ఎదగకపోతే కుండీలోంచి తీసి వేర్లు చూడండి. కుండీ గోడకు, వేర్లకు తెల్లటి పొడి మరకలుంటే అది వేరు పిండినల్లి. మట్టంతా కడిగేసి, వేర్లను పది రోజులు ఆరబెట్టి, కొత్త మట్టిలో, వేడినీళ్లతో కడిగిన కుండీలో నాటండి.

కొస దగ్గర చర్మం తుప్పుపట్టినట్టు అయింది.

ఎర్రనల్లి కావచ్చు. ముళ్ల మధ్య సన్నటి గూడు, కదిలే ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. గాలి ఆడని, వేడి, పొడి చోట పెరుగుతుంది. కిటికీలు తెరవండి. కాండం మీద నీళ్లు వద్దన్నాం గానీ, దీనికి మాత్రం వెచ్చటి రోజుల్లో ఉదయంపూట వాననీటిని సన్నగా చిమ్మితే తగ్గుతుంది. మచ్చ మాత్రం మిగిలిపోతుంది.

## పూలు, పిలకలు, విత్తనాలు

ఎప్పుడు పూస్తుంది?

కాండం సుమారు 45 సెంటీమీటర్లు దాటాక, అదీ చలికాలం చల్లగా, పొడిగా గడిపితేనే. ఏడాదంతా వెచ్చటి హాల్లో ఉన్న మొక్క మీటరు పెరిగినా పూయకపోవచ్చు. వేసవిలో కొసకు దగ్గర్లో పక్కకు పొడుచుకొచ్చే వైన్ రంగు గొట్టాలు కనిపిస్తాయి. 6 సెంటీమీటర్ల పొడవుంటాయి. అవి విచ్చుకోలేదేమని కంగారు పడకండి. దీని పువ్వు అంతే తెరుచుకుంటుంది, క్లైస్టో అంటే గ్రీకులో మూసుకున్నది అని అర్థం. దాని ఊళ్లో హమ్మింగ్ బర్డ్ ముక్కు దూరడానికి ఆ సందు చాలు. మొగ్గలున్నప్పుడు కుండీ తిప్పొద్దు, ఎండనివ్వొద్దు, రాలిపోతాయి.

పిలకల్ని వేరు చేయొచ్చా?

మొదట్లోంచి వచ్చిన పిలక 10 సెంటీమీటర్లు అయ్యాక, మే, జూన్ నెలల్లో. తల్లిని ఆనుకున్నచోట సన్నగా ఉంటుంది, అక్కడ కోయండి. పది రోజులు నీడలో ఆరబెట్టి నాటండి. గుబురుగా ఉంటేనే ఈ మొక్కకు అందం కాబట్టి అన్నీ తీయకండి.

విత్తనాల నుంచి పెంచాలంటే?

ఏప్రిల్‌లో మొదలుపెట్టండి. జల్లించిన మిశ్రమాన్ని చిన్న కుండీలో నింపి, అడుగునుంచి తడిపి, విత్తనాల్ని పైన చల్లండి, మట్టి కప్పొద్దు. కుండీని జిప్ కవరులో మూసి, 21 నుంచి 25 డిగ్రీల్లో, నేరుగా ఎండ పడని వెలుతురులో ఉంచండి. ఒకటి నుంచి మూడు వారాల్లో ఆవగింజంత ఆకుపచ్చ బంతులు లేస్తాయి. మొదటి ముళ్లు కనిపించాక కవరు రోజుకు కాసేపు తెరవడం అలవాటు చేయండి. మొదటి చలికాలం మాత్రం ఈ పిల్లమొక్కల్ని పూర్తిగా ఎండబెట్టొద్దు. వాటికి దాచుకున్న నీరు లేదు. 10 నుంచి 12 డిగ్రీల్లో ఉంచి, రెండు మూడు వారాలకోసారి అడుగునుంచి కొద్దిగా తడపండి.